చేమాకు చావిడి తూర్పు కాలు

మొన్న సోమవారం పొద్దున, రంగూన్ పబేడాన్‌ పేటలో మా మూడో అంతస్తు వరండా నుంచి వీధిలోకి వేలాడేసిన తాడు గంట మోగింది. మా వీధిలో పేపరైనా, ఉత్తరమైనా, ఉల్లిపాయలైనా కింద ఆ తాడుకే కడతారు, మేం పైనుంచి లాక్కుంటాం. తొంగిచూస్తే కట్టడానికి ఏమీ తేకుండా ఒక ఆడపిల్ల నిలబడి పైకి చూస్తోంది. నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్టు, బుగ్గలకి బర్మా ఆడవాళ్ళు పూసుకునే తనకా గంధం, చంకలో చుట్టిన కాగితాలు. "మామ్మా, నూకమ్మ మామ్మ నువ్వేనా? నాను పైకొచ్చీమంటావా?" అని అరిచింది. ఆ వయసు పిల్లలు తెలుగులో అరవగా విని చాలాకాలమైంది. ఆ ఒక్కదానికే రమ్మన్నాను. తీరా వచ్చాక ఎందుకు రమ్మన్నానా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

ఆ పిల్ల ఇంట్లో లక్ష్మి, బయట బర్మా పేరుతో మ తిరి. మా రంగూన్ తెలుగువాళ్ళకి పేర్లు రెండేసి ఉంటాయి, గడప లోపల ఒకటి, గడప బయట ఒకటి. నేను కూడా ఇంట్లో నూకమ్మని, ఓడల కంపెనీలో టైపు కొట్టినన్నాళ్ళూ డో నూని. మ తిరి ఇంజనీరు. ఆ మధ్య భూమి కదిలిన తర్వాత నదికి అటూ ఇటూ ఉన్న పాత కట్టడాలు చూసి, వేటిని ఉంచవచ్చో వేటిని పడగొట్టాలో రాసివ్వడం ఆమె పని. అవతలి ఒడ్డున దలా రేవు పక్కనున్న చేమాకు చావిడి ఆమె వంతుకి వచ్చింది. ఆఫీసులో దాని నక్షా లేదు. కట్టినవాళ్ళలో ఎవరైనా మిగిలారా అని వాకబు చేస్తే, మేస్త్రీ కూతురు పబేడాన్‌లో ఉందని మా తెలుగు సంఘం వాళ్ళు చెప్పారట.

"గురువారం రిపోర్టు ఇచ్చీయాలి మామ్మా," అంటూ కాగితం నేల మీద పరిచింది. "కప్పు కిందకెల్లి ఫోటోలు తీసి గీసినాను. సూడు, ఒకటీ రెండూ కాదు, కప్పంతా క్రాక్సే. నాకూ బాధే. కానీ ఇలగుంటే డేంజరని రాసీయాల. రాస్తే కూల్చీస్తారు."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎర్ర సిరాతో గీసిన గీతలు. ఒకటి మెలిక తిరిగి రెండోదాన్ని దాటి, మూడోదాని కిందనుంచి దూరి, ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి ఆగింది. దాని పక్కన అలాంటిదే ఇంకోటి. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి.

"ఇవి బీటలు కావే గుంటా. ఇది మా అమ్మ ముగ్గు," అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. పెద్దావిడకి మతి చలించిందనుకుందేమో. మెల్లిగా అడిగింది. "ముగ్గంటే ఏటి మామ్మా?"

ఆ మాటకి ఆమె మీద కోపం తెచ్చుకోవలసిన అవసరం లేదు. ఎనిమిదో అంతస్తులో పుట్టి, పలకల నేల మీద పెరిగిన పిల్లకి ముగ్గు ఎవరు చూపిస్తారు? నేను మాత్రం ఎవరికి చూపించాను? కానీ ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. కారణం ముగ్గు ఒక్కటే కాదు. ఆ చావిడి గురించి నాకు రెండు సంగతులు తెలుసు. ఒకటి చెబితే అది నిలబడుతుంది. రెండోది చెబితే అది పడిపోతుంది. ఆ రెండూ తెలిసి బతికున్న మనిషిని నేనొక్కదాన్నే. మొదటిది ఆ పిల్లకి నోరు జారి చెప్పేశాను. రెండోది గొంతులో పెట్టుకుని, బుధవారం దలా తీసుకెళ్ళి చూపిస్తానన్నాను.

ఆ చావిడిని ఊహించింది సయా. సయా అంటే గురువు. మా పేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు కాబట్టి నేనూ పిలవను. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మాసిన లుంగీతో ఉండేవాడు. పై దేశాల్లో ఇళ్ళు కట్టే చదువు చదివి వచ్చిన మనిషి పడవ దిగి మా లైను ఇళ్ళ మధ్యకి వచ్చి, మురుగు పక్కన మొలిచిన చేమాకుల ముందు గొంతుక్కూర్చునేవాడు. వాన పడ్డాక ఆకు మీద నీళ్ళు ముత్యంలా దొర్లుతుంటే గంటసేపు చూసేవాడు. ఆకు తిరగేసి వెనకున్న ఈనెల్ని వేలితో తడిమేవాడు. మా అమ్మ ఆయన్ని మొదటిసారి చూసి, "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో, బుర్ర కాస్త తేడాగున్నాది," అంది. రెండోసారికి కూర్చోడానికి పీట వేసింది. మూడోసారికి గోంగూర పచ్చడి పెట్టింది. గోంగూరని బర్మావాళ్ళూ తింటారు కానీ, మా అమ్మ అందులో ఎండురొయ్యలు దంచి వేసేది. ఆయన కళ్ళంట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమనేవాడు.

మా ఇల్లంటే ఓడల యార్డు గోడ వెనక ఒకే గది, ముందు చారెడు వాకిలి. మా తాత కళింగపట్నం నుంచి ఓడలో వచ్చి రేవులో బస్తాలు మోశాడు. మా అయ్య అప్పలస్వామి ఆ బస్తాల కింద నడుం విరగడం ఇష్టంలేక తాపీ పట్టాడు. పొద్దున్నే చద్దన్నం, నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయ, ఉల్లిపాయ. ఆయన చేతులెప్పుడూ సున్నం వాసనే. అన్నం కలిపి ముద్ద నా నోట్లో పెడితే ఆ ముద్దకీ సున్నం వాసనే. అమ్మ పేరు సింహాచలం. అడ్డచుట్ట తాగేది, నిప్పు లోపలికి పెట్టుకుని. "నోరు కాలదా?" అని సయా బర్మా భాషలో అడిగితే, అయ్య తెలుగులో చెప్పేవాడు. అమ్మ చుట్ట తియ్యకుండానే, "మాట్లాడకుండా ఉంటే కాలదని సెప్పు," అనేది. ఇంతకీ మాట్లాడకుండా ఉన్న రోజు నాకైతే గుర్తులేదు.

అమ్మ దినచర్యలో మార్పు లేనిది ఒక్కటే, వాకిలి. చీకటి విడుతుండగానే పాలవాడి కొట్టం నుంచి పేడ తెచ్చి, నీళ్ళలో కలిపి, ఆ చారెడు జాగా అలికేది. తడి ఆరేలోపల ముగ్గు వేసేది. బియ్యం దొరికిన రోజుల్లో పిండితో, దొరకని రోజుల్లో అయ్య సంచిలోంచి దొంగిలించిన సున్నంతో. జ్వరమొచ్చినా వేసేది. అలికి ముగ్గు వెయ్యకుండా వదిలేది చావు జరిగిన ఇంట్లోనే అని ఆమెకి పట్టింపు. ఒకసారి నేను బద్ధకించి ఉత్త వాకిలి అలాగే వదిలేస్తే, చీపురు తిరగేసి రెండు తగిలించి, "ఈ ఇంట్లో ఎవుడు సచ్చినాడే?" అంది. ఆ పట్టింపే చేమాకు చావిడికి బొట్టయి కూర్చుంది.

సయాకి దలా రేవు దగ్గర తల్లులూ పిల్లలూ కూర్చునే చావిడి కట్టమని పని వచ్చింది. నర్సు వచ్చి పిల్లల్ని తూచి, సూదిమందులు వేసే చోటన్నమాట. అది బోర్లించిన చేమాకులా ఉండాలన్నాడు ఆయన. గోడలు లేవు, స్తంభాలు లేవు. ఒకే పల్చటి కాంక్రీటు ఆకు మూడుచోట్ల వంగి, మూడు కాళ్ళలా నేలని తాకాలి. ఆ వంపులకి చెక్క సెంట్రింగు చేయాలంటే చెక్క లేదు, చేసే వడ్రంగీ లేడు. అప్పుడు అయ్య చెప్పిన ఉపాయం, మట్టి. చావిడి లోపలి ఖాళీ ఎంతో అంత మట్టిదిబ్బ పొయ్యాలి, దిమ్మిసతో కొట్టి ఆకు ఆకారానికి తేవాలి, దాని మీద ఇనప చువ్వలు పరిచి కాంక్రీటు పొయ్యాలి. గట్టిపడ్డాక కిందనుంచి మట్టి తవ్వి తీసేస్తే కప్పు మిగులుతుంది. సయా ఎగిరి గంతేశాడు. నేల కడుపుతో ఉండి ఇంటిని కంటుందన్నమాట, అన్నాడు. ఆయన మాటలు అలాగే ఉండేవి. మా లైను ఆడవాళ్ళందరూ తట్టలు నెత్తినెత్తుకున్నారు. నలభై రోజులు మట్టి మోశారు. సయా దిబ్బ ఎక్కి, దిగి, పడుకుని, చేత్తో నిమిరి, ఇక్కడ తియ్యండి, అక్కడ వెయ్యండి అనేవాడు. కొలతబద్ద ఆయన చేతిలో నేను చూడలేదు.

సిమెంటు మట్టికి అంటుకోకుండా దిబ్బ మీద నూనె కాగితాలు పరచాలనుకున్నారు. ఆ కాగితాలు ఊళ్ళోనే దొరకలేదు. "పేడతో అలికితే ఎందుకంటుకుంటాది? మా వాకిలికి సున్నమంటుకుందా, సిమెంటంటుకుందా?" అంది అమ్మ. అలా పదకొండు మంది ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ దిబ్బంతా అలికారు. సాయంత్రం ఎండలో అది నున్నగా, పచ్చగా, పెద్ద పెళ్ళిపందిరి కింద నేలలా ఉంది. మర్నాడు పొద్దున కాంక్రీటు. తెల్లవారుతుండగా అమ్మ నన్ను లేపి చేతికి సున్నం బకెట్టిచ్చింది. అంత అలుకు ముగ్గు లేకుండా వదలడానికి ఆమెకి మనసొప్పలేదు. పాకుతూ దిబ్బ ఎక్కి, పదిహేను చుక్కలతో మొదలుపెట్టి, సందు చుక్కలు ఎనిమిది వచ్చేదాకా పెట్టి, మెలికల ముగ్గు కలుపుకుంటూ వచ్చింది. నేను బకెట్టు పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగాను. అది పూర్తయ్యేసరికి మగాళ్ళు వచ్చారు. అమ్మ దిగిపోయింది. వాళ్ళు ఆ ముగ్గు మీదే చువ్వలు పరిచి కాంక్రీటు పోశారు. ఏ మగాడూ ముగ్గు చూసి ఏమీ అనలేదు. వాళ్ళకది నేల రంగంత మామూలు విషయం.

మట్టి తవ్వే రోజున మొదట లోపలికి దూరింది కూడా ఆడవాళ్ళే. తట్టలు తట్టలుగా మట్టి బయటికి వస్తుంటే లోపల మెల్లగా చీకటి పెరిగి, ఆ తర్వాత వెలుతురు పెరిగింది. ఎవరో తల పైకెత్తి, "ఓలమ్మో!" అన్నారు. కప్పు కింద అంతా తెల్లటి ముగ్గు. సున్నం పట్టిన మేర సిమెంటు అంటక సన్నటి గాడిలా దిగింది, ఒక్క మెలిక కూడా చెరగలేదు. అయ్య ముఖం పాలిపోయింది. "ఏటి సేసినావే? ఏటి సేసినావ్? ఆ మారాజు ఏళ్ళ తరబడి కన్న కల, నీ వాకిలనుకున్నావా?" అని పార ఎత్తాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సయా వచ్చి, మిగిలిన మట్టి మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూశాడు. చివరికి ఆయనన్న మాట అయ్య పార కింద పెట్టి తెలుగులో చెప్పాడు. "ఆకన్నాక ఈనెలుండాల. నాను మర్సిపోయినాను, ఆ తల్లి ఏసింది అంటన్నాడు."

ఇప్పుడు సయా కట్టినవి లెక్కపెడితే ఏమున్నాయి? బూరుగుకాయ పగిలినట్టు రెండు వైపులా తెరుచుకునే బడి ఒకటుండేది, ఇప్పుడక్కడ అద్దాల మేడ. పుట్టలా కట్టి కన్నాలు పెట్టిన డాక్టరుగారి ఇంట్లో నడిఎండలో ఫ్యాను అక్కర్లేదనేవారు, దాన్ని పడగొట్టి గోదాము చేశారు. మిగిలింది చేమాకు చావిడే. పై దేశాల నుంచి చదువుకునే పిల్లలు ఇప్పటికీ పడవెక్కి వచ్చి ఫోన్లు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతారు. ఎందుకింత ఇష్టమో పుస్తకాల భాషలో చెబుతారు. నాకు తెలిసింది నేను చెబుతాను. లోపలికి వెళితే గొంతు దానంతటదే తగ్గుతుంది. నది గాలి ఒక వంపులోంచి దూరి ఇంకో వంపులోంచి పోతూ మెడ వెనక తగులుతుంది. వాన చప్పుడు రేకుల మీదలా మొత్తదు. ఏడ్చే పిల్లని వెల్లకిలా పడుకోబెడితే పైనున్న మెలికల వెంట కళ్ళు తిప్పుకుంటూ ఏడుపు మానేస్తుంది. పక్కనే ప్రభుత్వం వేసిన రేకుల షెడ్డుంది, బల్లలున్నాయి, ఫ్యానుంది. ఒక్క తల్లీ అక్కడ కూర్చోదు. మా లైను ఇళ్ళు పోయాయి, అమ్మ పోయింది. ఫోటో లేదు, సమాధి లేదు, బూడిద నదిలో కలిపాం. ఆమె చెయ్యి ఈ లోకంలో ఎక్కడైనా ఆనవాలుగా ఉందంటే ఆ కప్పు కిందే ఉంది. సున్నం వెలిసి, గాడిలో తేమ చేరి, పాచి పట్టి నల్లబడింది. అందుకే మ తిరి కంటికి బీటల్లా కనబడింది.

ఇక రెండో సంగతి. దిబ్బ తయారైన వారానికి సయాకి విషజ్వరమొచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. చువ్వలు రెండు కాళ్ళకి సరిపడా వచ్చాయి, మూడోదానికి రాలేదు. ఇవాళ రేపు అంటున్నారు. దక్షిణాన మబ్బు కమ్ముతోంది. ఒక్క పెద్ద వాన పడితే నలభై రోజుల మట్టి నదిలో కలుస్తుంది. అయ్య రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు పచ్చి వెదురు కొట్టించుకొచ్చాడు. చీల్చకుండా నిలువు బొంగులే, తారు కాచి పూసి, తూర్పు కాల్లో చువ్వలుండాల్సిన చోట నిలబెట్టాడు. తారు వాసన నాకు బాగా గుర్తు, కుండ కింద మంట నేనే ఎగదోశాను. అది జరిగిన మర్నాడే అలుకు, ఆ మర్నాడు ముగ్గు, కాంక్రీటు. సయా కోలుకుని వచ్చి, చావిడి తెరిచిన కొన్నాళ్ళకి అయ్య ఆయన కాళ్ళ మీద పడి చెప్పేశాడు. సయా అరవలేదు. "ఎన్నాళ్ళుంటుంది?" అని మాత్రం అడిగాడు. "మనమున్నన్నాళ్ళూ ఉంటాది సయా," అన్నాడు అయ్య. అప్పటికి మట్టి తీసేశారు, తల్లులు పిల్లల్ని తెచ్చుకుని కూర్చుంటున్నారు. ఆ ఇద్దరు మగాళ్ళూ ఆ మాట అక్కడితో మింగేశారు.

ఆ తర్వాత ఏటా వానలకి ముందు సయా వచ్చి తూర్పు కాలిని చేతికర్రతో తట్టేవాడు. చెవి ఆనించి వినేవాడు. చిన్నప్పుడు నేనది ఆయన మొక్కుకోవడం అనుకునేదాన్ని. సయా పోయాక అయ్య తట్టాడు. మంచం పట్టినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, ఇదంతా చెప్పి, "నూకీ, ఆ కాలొకపాలి సూస్తుండవే. డొల్లగా ఇనబడితే సెప్పీయి," అన్నాడు. ఎవరికి చెప్పాలో చెప్పలేదు. నేనూ ఏటా వెళ్ళి తట్టాను. మొదట్లో రాయిలా పలికేది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి కుండలా పలికింది. నేనెవరికీ చెప్పలేదు. చెబితే అయ్య దొంగ మేస్త్రీ అవుతాడు, అమ్మ ముగ్గు రాళ్ళకుప్ప అవుతుంది. ఇది తప్పని నాకు తెలుసు. తెలిసే ఏటికేడాది నోరు మూసుకున్నాను. భూమి కదిలిన రోజు మా మేడ ఊగుతుంటే మంచం కోడు పట్టుకుని నేను మొక్కుకుంది నా ప్రాణం కోసం కాదు, ఆ కాలు కోసం. ఆ తర్వాత అటువైపు పోవడానికే భయపడ్డాను. అసలు పిరికిదాన్ని.

బుధవారం మ తిరితో పడవెక్కాను. దారంతా ఆ పిల్ల ముగ్గు గురించే అడిగింది, నేను నోటితో సమాధానం చెబుతూ మనసులో వేరే లెక్క వేసుకున్నాను. గడిచిన భూకంపానికే పడని కాలు ఇప్పుడు పడుతుందా? ఇంకో పదేళ్ళు ఉండదా? నేను పోయేదాకా ఉంటే చాలదా? ఒడ్డుకి చేరేసరికి నోరు విప్పకూడదనే నిశ్చయించుకున్నాను.

బుధవారం పిల్లల్ని తూచే రోజు. చావిడి నిండా తల్లులు. గాలి తగులుతుందని తూర్పు కాలి వంపులోనే తక్కెడ వేలాడదీసి ఉంది. మ తిరిని వెల్లకిలా పడుకోమన్నాను. పడుకుంది. నేను కర్రతో పైకి చూపిస్తూ చుక్కలు లెక్కపెట్టించాను. పదిహేను, దాని పక్కన పధ్నాలుగు, దాని పక్కన పదమూడు. బీటలకి లెక్కుండదు కదా. ఒక మెలికని మొదట్నించి చివరిదాకా వేలితో గాలిలో గీయించాను. అది మొదలైన చోటికే వచ్చేసరికి ఆ పిల్ల గభాల్న లేచి కూర్చుంది.

"ఓలమ్మా, నిజమే మామ్మా! ఒక్కటీ క్రాక్ కాదు. నానెంత తప్పు సేసీదాన్ని! దీన్ని ఎవులూ ముట్టుకోకుండా రాసీస్తాను సూడు. మా మామ్మ కూడా ఇక్కడ మట్టి మోసిందంట, నాకిప్పుడు గుర్తొస్తంది."

ఆమె కళ్ళు మెరిశాయి. నన్ను కౌగిలించుకుంది. నేను గెలిచాను. అమ్మ ఉంటుంది, అయ్య పరువు ఉంటుంది, సయా ఆకు ఉంటుంది. ఇంటికెళ్ళిపోదాం పద అనడమే మిగిలింది. అప్పుడు నర్సు ఒక పిల్లని తక్కెడలో కూర్చోబెట్టింది. ఆ బరువుకి తాడు బిగిసి, తాడు కట్టిన కొక్కెం దగ్గర, తూర్పు కాలి మీదనుంచి చిటికెడు ఇసక జలజల రాలి పిల్ల జుట్టులో పడింది. తల్లి నవ్వి, ఊది పారేసింది. నలభై మంది తల్లులు కన్నబిడ్డల్ని తెచ్చి ఆ కాలి కింద పెట్టుకుని నవ్వుతున్నారు, మా అయ్య మాట నమ్మి. ఆ మాట ఆయనన్న రోజునే దానికి గడువుంది. మనమున్నన్నాళ్ళూ. వాళ్ళిద్దరూ లేరు.

"లచ్చిమీ," అన్నాను. ఇంట్లో పిలిచే పేరుతో పిలిచేసరికి ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "ఆ కాల్లో ఇనుము నేదమ్మా. ఎదురుబొంగులు. నాకు తెలుసు. సానా కాలం నుంచి తెలుసు."

ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. సుత్తి తీసి తట్టింది. ఒకచోట, ఇంకోచోట. సంచిలోంచి ఉలి తీసి అరచెయ్యంత మేర సిమెంటు చెక్కింది. లోపల నల్లటి తారు పెంకు, గుండ్రంగా. దాని మధ్య వెదురు లేదు, వెదురంత కన్నం ఉంది. వేలు పెడితే వేలు మొత్తం దిగి, కాస్త పొడి రాలింది. ఆ పిల్ల నర్సు దగ్గరికి పరుగెత్తి బర్మా భాషలో గబగబా చెప్పింది. తల్లులు లేవడానికి ఇష్టపడలేదు. ఇక్కడ చల్లగా ఉందికదా, పిల్ల ఇప్పుడే పడుకుంది, ఇంకొంచెం సేపు, అన్నారు. నేను ఆ పడుకున్న పిల్లని చేతుల్లోకి తీసుకుని ముందు నడిచాను. అప్పుడు వెనకాలే అందరూ వచ్చారు. రేకుల షెడ్డులో వేడికి పిల్లలందరూ ఒక్కసారే ఏడుపందుకున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి చావిడి ఖాళీగా కనబడింది. బయట ఎండలో నిలబడి నేను కూడా ఏడ్చాను. మనుషులు చూస్తారని కూడా అనుకోలేదు. అమ్మని రెండోసారి సాగనంపినట్టుంది, ఈసారి నా చేతులతోనే.

మ తిరి రేవు మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రిపోర్టు పూర్తి చేసింది. కప్పుకి బీటలు లేవు అని ఒక గడిలో రాసింది. తూర్పు కాలు ప్రమాదకరం, కట్టడం మొత్తం తొలగించాలి అని కింది గడిలో రాసింది. రాస్తున్నంతసేపూ ముక్కు చీదుతూనే ఉంది. సయా పేరు రాసింది. ఆ తర్వాత కలం ఆపి, నా ముఖం వైపు చూడకుండా అంది.

"ఇక్కడ మేస్త్రీ పేరుకో గడున్నాది మామ్మా. ఎవుడు ఇలగ కట్టినాడని. తెలీదని రాసీనా? ఎవులూ అడగరు."

మంచి పిల్ల. ఆ పిల్ల అంత మంచిది కాకపోతే నాకు తేలికయ్యేది. మా అయ్య ఈ నగరంలో ఎన్ని గోడలు లేపాడో, ఎన్ని మెట్లు కట్టాడో ఆయనకే తెలియదు. ఏ గోడ మీదా, ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు. చావిడి తెరిచిన రోజున పెద్దమనుషులు పొగిడింది కూడా సయానే, అయ్య వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. తెలీదని రాయించడం ఎంత సుఖం. కానీ ఆ ముగ్గు అమ్మదని నేనే గొంతు చించుకుని చెప్పాను. కప్పు మాది, కాలు ఎవరిదో తెలీదు అని ఎలా అనను?

"అప్పలస్వామి," అన్నాను. "రాయమ్మా."

ఆమెకి తెలుగు రాయడం రాదు. బర్మా అక్షరాల్లో మెల్లగా, అడిగి అడిగి రాసింది. సరిగ్గా ఉందో లేదో చూడమని కాగితం నాకిచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. సరిగ్గానే ఉంది.